మా అబ్బాయి బడిలోని ప్రత్యేక విద్యా విభాగం: ఒక తల్లి సమీక్ష

మా అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. వాడికి డిస్లెక్సియా ఉంది, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టంగా ఉంటుంది. వాడు చదివే ప్రాథమిక పాఠశాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ఒక విభాగం పనిచేస్తోంది. అలాంటి బడి కోసం వెతుకుతున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ విభాగం సేవల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ఈ విభాగంలో నాకు అన్నిటికంటే నచ్చింది, సహాయం రిసోర్స్ రూమ్ (పిల్లలను తరగతి నుంచి విడిగా పిలిచి నేర్పే గది) గోడల మధ్యే ఆగిపోకపోవడం. స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు నేర్పే టీచర్) వారం మొదట్లోనే తరగతి ఉపాధ్యాయురాలితో కూర్చుని, రాబోయే పాఠాల్లో ఏ పిల్లవాడికి ఎక్కడ ఇబ్బంది రావచ్చో మాట్లాడుకుంటారు. లెక్కల పరీక్షలో మా వాడికి ప్రశ్నను ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. విన్న వెంటనే నోటితోనే జవాబు చెప్పేస్తాడు. అదే ప్రశ్నను తానే చదువుకోవాల్సి వస్తే మొదటి వాక్యం దగ్గరే సమయమంతా అయిపోతుంది. పరిసరాల విజ్ఞానంలో అక్షరదోషాలకు మార్కులు తగ్గించరు, ఎందుకంటే అక్కడ పరీక్షిస్తున్నది వర్ణక్రమాన్ని కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 24వ అధికరణం, విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. కాబట్టి ఇదేదో దయతో ఇచ్చే మినహాయింపు కాదని, పిల్లవాడి హక్కు అని ఈ బడి గుర్తించినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

చదవడం నేర్పే పద్ధతి కూడా మెచ్చుకోదగినది. వ, ప, ష అక్షరాల మధ్య తేడా ఒకటి రెండు గీతలే కావడంతో మా వాడు తరచూ తడబడేవాడు. ఇక్కడ ఇసుక పళ్ళెంలో అక్షరాన్ని వేలితో దిద్దిస్తూ, అదే సమయంలో దాని ధ్వనిని గట్టిగా పలికిస్తారు. ఒక అక్షరం స్థిరపడేదాకా దాన్ని పోలిన మరో అక్షరం జోలికి వెళ్ళరు. కంటికీ చెవికీ స్పర్శకూ ఒకేసారి పని చెబుతూ, వరుసక్రమంలో చిన్న చిన్న మెట్లుగా నేర్పే ఈ మార్గానికి 1930ల్లో అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్, విద్యావేత్త అన్నా గిల్లింగ్‌హామ్ చేసిన కృషి పునాది వేసింది. ఇందులో తొందరపాటుకు తావు లేదు. నెలల తరబడి ఓపిక పట్టగలిగిన తల్లిదండ్రులకే ఫలితం కనబడుతుంది.

అదే తరగతిలో ఆటిజం ఉన్న ఒక పాప కోసం ఆ రోజు కార్యక్రమాలను వరుసగా చూపే బొమ్మల కార్డులు గోడకు అతికించారు. పీరియడ్ మారే సందర్భం ఉంటే ముందురోజే కార్డు మార్చి ఆ పాపకు చూపిస్తారు. ఇప్పుడు తరగతిలోని మిగతా పిల్లలు కూడా ఆ గోడనే చూసుకుంటున్నారు.

లోపాలూ ఉన్నాయి. రిసోర్స్ రూమ్‌కు పిలిచే సమయం మొదట్లో డ్రాయింగ్ పీరియడ్‌లో పడేది. రోజంతా అక్షరాలతో కుస్తీ పట్టే పిల్లవాడికి, తాను అందరికంటే బాగా చేయగల ఒక్క పని కూడా లేకుండా చేయడం న్యాయం కాదు. మేం అడిగాక డ్రాయింగ్ పీరియడ్‌లో పిలవడం మానేశారు గానీ, ఆటల పీరియడ్‌లో కోత ఇంకా కొనసాగుతూనే ఉంది.

రెండోది, వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఒక్కో పిల్లవాడు ఏం సాధించాలో విడిగా రాసిపెట్టే పత్రం. మాకిచ్చిన మొదటి ప్రతిలో ‘చదవడంలో మెరుగుదల సాధించాలి’ అని ఒక లక్ష్యం ఉంది. అది నెరవేరిందో లేదో ఎవరు, ఎలా చెప్పగలరు? ‘ఒత్తులున్న పదాలు పది ఇస్తే ఎనిమిదింటిని సాయం లేకుండా చదవాలి’ అన్నట్టు ఉంటేనే ఆ కాగితానికి విలువ. సవరించిన ప్రతి ఈ విషయంలో చాలా మెరుగ్గా వచ్చింది. తరగతి ఉపాధ్యాయురాలు సెలవు పెట్టిన రోజున మాత్రం, ఆమె స్థానంలో వచ్చినవారికి ఈ ఏర్పాట్లేవీ తెలియవు. ఒకసారి మా వాడిని అందరి ముందు నిలబెట్టి పాఠం చదవమన్నారు. ప్రతి పిల్లవాడి గురించి ఒక్క పేజీ వివరం హాజరు పట్టీలో ఉంచితే ఈ ఇబ్బంది తప్పుతుంది.

చదవడం, రాయడంలో సాయం కావలసిన పిల్లలకు ఈ విభాగాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. స్పీచ్ థెరపీ ప్రధానంగా అవసరమైన పిల్లలకు మాత్రం ఇక్కడ దొరికే సమయం సరిపోదు. ఏ బడిలో చేర్పించాలనుకున్నా ముందుగా పేర్లు తీసేసిన ప్రణాళిక నమూనా ఒకటి చూపించమనండి, పిల్లలను ఏ పీరియడ్‌లో బయటకు పిలుస్తారో అడగండి.