ఇన్వర్టర్‌లో జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్: ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే, చిక్కంతా ఐసీతోనే

విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఏసీ వోల్టేజ్ సెన్సర్ అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది ఈ జెడ్‌ఎంపీటీ101బీ బోర్డే: బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, నీలం ట్రిమ్‌పాట్ (స్క్రూతో తిప్పి సిగ్నల్ సర్దేది), ఎల్‌ఎం358 ఐసీ. ఇన్వర్టర్ ఔట్‌పుట్ చూపించడానికి, ఓవర్ వోల్టేజ్ కటాఫ్‌కి ఇది చాలు. కాకపోతే కొన్నది కొన్నట్టు పెట్టేయకండి.

లోపలున్నది 1:1 కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, 2 మిల్లీఆంప్స్ రేటింగ్. చాలా బోర్డుల్లో ప్రైమరీకి సిరీస్‌లో 820 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 0.28 మిల్లీఆంప్స్ పారి, సెకండరీలో 100 ఓమ్స్ మీద 28 మిల్లీవోల్టులు వస్తుంది. ఇది నమ్మకంగా పనిచేసే భాగం.

తేడా కొట్టేది ఆ చిన్న సిగ్నల్‌ని పెంచే ఆప్‌ఆంప్, అంటే ఎల్‌ఎం358. ఎల్‌ఎం358 ఔట్‌పుట్ సప్లైకి దాదాపు 1.5 వోల్టులు కిందే ఆగిపోతుంది. 5 వోల్టుల మీద వేవ్ పైకీ కిందికీ ఊగే మధ్యబిందువు 2.5, పై హద్దు 3.5, పీక్‌కి దొరికేది ఒక్క వోల్టే. 3.3 వోల్టులిస్తే మధ్యబిందువు 1.65, పై హద్దు 1.8! వేవ్ లేవడానికి చోటే లేదు. 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్‌కి కలిపి, రీడింగ్ పెరగడం లేదని ట్రిమ్‌పాట్ ఎంత తిప్పినా లాభం లేనిది అందుకే. ఆ ఐసీ పీకేసి, కాళ్ళ వరుస అదే ఉన్న ఎంసీపీ6002 వేస్తే 3.3 మీదే హాయిగా నడుస్తుంది.

ఐసీ మార్చకుండా 5 వోల్టులతోనే వాడితే, డిమ్మర్‌స్టాట్‌తో (ఏసీ వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) 280 వోల్టులిచ్చి, స్కోప్‌లో మధ్యబిందువు నుంచి పీక్ 0.9 వోల్టు దాటకుండా ట్రిమ్‌పాట్ సర్దండి. పై అంచు చదునైతే ఎక్కువైనట్టే. తర్వాత స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి, అదురుకి కదలదు.

ఔట్‌పుట్‌కి 1 కిలో ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఫిల్టర్ తప్పనిసరి, 1.6 కిలోహెర్ట్జ్ కటాఫ్ వస్తుంది, 20 కిలోహెర్ట్జ్ స్విచింగ్ రొద చాలా తగ్గుతుంది. సెకనుకు 5000 శాంపిల్స్ చొప్పున 10 సైకిళ్ళు తీసి, వాటి సగటుని ప్రతి శాంపిల్ నుంచి తీసివేసి, ఆర్‌ఎంఎస్ (వోల్టేజ్ అసలు ప్రభావ విలువ) లెక్కకట్టండి. పోల్చి చూడటానికి ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే కావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మామూలు మీటర్ 230ని 255గా చూపిస్తుంది, దాన్ని నమ్మి క్యాలిబ్రేట్ చేస్తే మీ లెక్క మొత్తం తప్పుతుంది.

ఇన్వర్టర్ ఔట్‌పుట్‌లో డీసీ ఆఫ్‌సెట్ (ఏసీతో కలిసిన స్థిరమైన డీసీ) ఉంటే మాత్రం ఈ మాడ్యూల్‌కి కనబడదు, ట్రాన్స్‌ఫార్మర్ కదా. అది పట్టుకోవాలంటే రెసిస్టర్ డివైడర్ తర్వాత ఏఎంసీ1200 ఐసొలేషన్ యాంప్లిఫయర్ (రెండు వైపులనీ విద్యుత్తుపరంగా విడదీసేది) పెట్టాలి. దాని ఇన్‌పుట్ ప్లస్ ఆర్ మైనస్ 250 మిల్లీవోల్టులు. హై వోల్టేజ్ వైపు దానికి విడిగా 5 వోల్టుల సప్లై కావాలి. అక్కడ చవగ్గా దొరికే బీ0505ఎస్ డీసీ-డీసీ కన్వర్టర్ వేస్తే దాని 1000 లేదా 1500 వోల్టుల టెస్ట్ రేటింగే మొత్తం ఐసొలేషన్‌కి హద్దు అవుతుంది. 3000 వోల్టుల రేటింగ్ ఉన్నదే అడిగి తీసుకోండి.