జీపీఏ 3.0తో అమెరికాలో మెడిసిన్: పోస్ట్-బ్యాక్ మేలా, స్పెషల్ మాస్టర్స్ మేలా?

అమెరికాలో డిగ్రీ అయిపోయింది, జీపీఏ (4కి లెక్కేసే మార్కుల సగటు) 3.0 దగ్గర ఆగింది. పిల్లకి మాత్రం మెడిసిన్ తప్ప ఇంకేదీ పట్టదు. అక్కడి మన తెలుగు ఇళ్లలో ఈ పరిస్థితి వస్తే ఎవరో ఒక అంకుల్ వెంటనే "కరీబియన్ పంపించేయండి" అంటారు, అంటే ఆ దీవుల్లోని మెడికల్ కాలేజీలకి. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, మళ్లీ డిగ్రీ స్థాయి సైన్స్ కోర్సులు చదివే పోస్ట్-బ్యాక్‌కి వెళ్లాలా, ఎస్ఎంపీ అని పిలిచే స్పెషల్ మాస్టర్స్‌లో చేరాలా అన్నది.

ఎక్కాల్సిన మెట్టు చిన్నదేం కాదు. అమెరికాలో డాక్టర్ అవ్వడానికి ఎండీ, డీఓ అని రెండు రకాల డిగ్రీలున్నాయి. ఎండీ కాలేజీల్లో చేరేవాళ్ల సగటు జీపీఏ 3.77 పైనే, మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో స్కోరు 511 దాటుతుంది. డీఓ కాలేజీల్లో సుమారు 3.6, 504.

అడ్మిషన్ కమిటీలు మొత్తం జీపీఏతో పాటు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కులతో సైన్స్ జీపీఏని విడిగా చూస్తాయి. పోస్ట్-బ్యాక్ బలమంతా అక్కడే ఉంది. 120 క్రెడిట్లకి 3.0 ఉన్నవాళ్లు ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నింట్లో 'ఏ' గ్రేడ్ (4.0) తెచ్చుకున్నా మొత్తం 3.2కే చేరుతుంది. ఏడాది కష్టానికి ఇంతేనా అని నీరసం వస్తుంది. కానీ అందులో సైన్స్ 40 క్రెడిట్లు, వాటి సగటు 2.8 అనుకోండి. ఆ 30 క్రెడిట్లూ సైన్సే అయితే సైన్స్ జీపీఏ 3.31కి ఎగబాకుతుంది. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, జెనెటిక్స్ లాంటి పెద్ద కోర్సులు సెమిస్టర్‌కి నాలుగేసి తీసుకుని 'ఏ'లు తెచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తే, మొదట్లో తడబడినా తర్వాత దారిలో పడ్డారని ఎవరికైనా అర్థమవుతుంది. సెమిస్టర్‌కి ఒక్కటి చొప్పున తీసుకుంటే ఆ నమ్మకం కలగదు.

ఎస్ఎంపీ లెక్క వేరు. అక్కడి మార్కులు గ్రాడ్యుయేట్ జీపీఏగా విడిగా పడతాయి. ఎస్ఎంపీలో 4.0 వచ్చినా డిగ్రీ 3.0 అలాగే ఉంటుంది. మరి ఎందుకంత పేరు? జార్జ్‌టౌన్ లాంటి చోట్ల మెడిసిన్ మొదటి ఏడాది పాఠాలే చాలావరకు చదివిస్తారు. అక్కడ నెగ్గితే "ఈ అమ్మాయి మెడిసిన్ తట్టుకోగలదు" అనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. కొన్ని ప్రోగ్రాములు ఫలానా జీపీఏ తెస్తే తమ కాలేజీలో ఇంటర్వ్యూ ఖాయమని ముందే చెబుతాయి. కానీ ఇది కత్తి మీద సాము. పోస్ట్-బ్యాక్‌లో ఒక బీ వస్తే సర్దుకోవచ్చు. ఎస్ఎంపీలో వరసగా బీలు వస్తే మెడిసిన్ పాఠాలే అందడం లేదని మనమే రాసిచ్చినట్టు అవుతుంది.

డబ్బు సంగతీ చూడాలి. ఫీజు, ఇంటి అద్దె కలిపితే చాలా ఎస్ఎంపీలు ఏడాదికి 50 వేల డాలర్లు దాటిస్తాయి. పైగా 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంటి దగ్గరి స్టేట్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ఫీజుతో (ఆ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) పోస్ట్-బ్యాక్ క్రెడిట్లు కొనుక్కుంటే ఖర్చు చాలా తగ్గుతుంది.

అందుకే 3.0, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి నా ఓటు పోస్ట్-బ్యాక్‌కే. సైన్స్ కోర్సులన్నీ అయిపోయి, జీపీఏ 3.3 దగ్గర ఉండి, చేతిలో మంచి ఎంక్యాట్ స్కోరు ఉంటే అప్పుడు ఎస్ఎంపీ ఆలోచించొచ్చు. ఎంక్యాట్ రాయకుండానే దాంట్లో చేరడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: "సీ వచ్చిన కోర్సు మళ్లీ చదువు, డీఓ వాళ్లు పాతది తీసేస్తారు" అని. ఆ పద్ధతి 2017లోనే పోయింది. ఇప్పుడు రెండు మార్కులూ లెక్కలోకి వస్తాయి. అయినా డీఓని తక్కువగా చూడొద్దు. 2020 నుంచి ఎండీలకీ డీఓలకీ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రి శిక్షణ) సీట్లు కేటాయించే మ్యాచ్ ఒక్కటే. డీఓ సీనియర్లలో సుమారు 92 శాతం మందికి సీటు దొరుకుతోంది.

ఇక కరీబియన్. అక్కడ చదివిన అమెరికన్లతో సహా విదేశాల్లో మెడిసిన్ చేసి వచ్చిన అమెరికా పౌరులకి ఆ లెక్క సుమారు 67 శాతం. అదీ మ్యాచ్ దాకా వచ్చినవాళ్లలోనే. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు. 2022లో డాక్టర్ లైసెన్స్ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 పాస్-ఫెయిల్ అయ్యాక, అందులో మంచి స్కోరు చూపించి పైకి తేలే దారీ మూసుకుపోయింది. ఎండీ, డీఓ రెండింటికీ కనీసం ఒకసారి గట్టిగా అప్లై చేశాకే దీని గురించి మాట్లాడాలి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఇంకో చిక్కుంది. చాలా మెడికల్ కాలేజీలు పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివాళ్లని తీసుకోవు, ఫెడరల్ లోనూ రాదు. క్రెడిట్లకి డబ్బు కట్టేముందే, అప్లై చేద్దామనుకునే కాలేజీలు ఏ వీసా ఒప్పుకుంటాయో ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

ఏది ఎంచుకున్నా, చదువు మొదలుపెట్టకముందే జూన్‌లో అప్లికేషన్ పడేస్తే కమిటీకి కనిపించేది ఆ పాత 3.0యే. కొత్త మార్కులు ట్రాన్స్‌క్రిప్ట్ మీదికి ఎక్కాకే పంపాలి. దానివల్ల ఒక ఏడాది ఖాళీ వస్తుంది. "ఇంట్లో కూర్చుంటుందా?" అని అమ్మమ్మలు టెన్షన్ పడతారు గానీ, ఆసుపత్రిలో డాక్టర్ నోట్స్ రాసే స్క్రైబ్‌గానో అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే ఈఎంటీగానో పనిచేస్తే ఆ అనుభవం కూడా అప్లికేషన్‌లోకి వస్తుంది.