ఎంఎస్ ఇంజెక్షన్‌కి ఆటో ఇంజెక్టర్: మూడేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, ఆటో ఇంజెక్టర్, అంటే బటన్ నొక్కితే సూది తనంతట తనే గుచ్చే పరికరం, కొనుక్కోవచ్చు. కానీ అది తీసేది సగం నొప్పే. సూది గుచ్చుకునే నొప్పి వేరు, లోపలికి వెళ్లాక మందు పెట్టే మంట వేరు. మొదటిదానికి ఈ పరికరం బాగా పనిచేస్తుంది, రెండోదానికి అస్సలు పనిచేయదు. ఈ తేడా మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నేను మొదటి ఆరు నెలలు అంత ఏడ్చేదాన్ని కాదు.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే మెదడు, వెన్నుపాములోని నరాల పై పొరని మన రోగనిరోధక శక్తే దెబ్బతీసే జబ్బు. కుడి కన్ను మసకబారింది, అటూ ఇటూ తిప్పితే నొప్పి. పవర్ మారిందేమో అని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను, అక్కడి నుంచి కంటి డాక్టరు, ఆ తర్వాత న్యూరాలజిస్టు, ఎంఆర్ఐ, అలా తేలింది. గ్లాటిరమర్ అసిటేట్ అనే ఇంజెక్షన్ మందు రాశారు. మొదటి ఏడాది రోజూ 20 మిల్లీగ్రాములు, తర్వాత 40 మిల్లీగ్రాములది వారానికి మూడుసార్లు. సోమ, బుధ, శుక్రవారాలు నావి, ఎందుకంటే ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. మందు సిరంజిలో ముందే నింపి వస్తుంది, 1 మిల్లీలీటరు. చర్మం కింద ఉండే కొవ్వులోకి ఎక్కించుకోవాలి.

ఈ మందుతో మనసుకి కష్టమైన విషయం ఏంటంటే, వేసుకున్న రోజు నొప్పి కనిపిస్తుంది కానీ లాభం కనిపించదు. పోయిన చూపుని ఇది తిరిగి తీసుకురాదు, తిమ్మిర్లు తగ్గించదు, కొత్త ఎటాక్‌లు (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) తక్కువ రావడానికి మాత్రమే. 40 మిల్లీగ్రాముల డోసు మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో, మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లతో పోలిస్తే ఏడాదిలో ఎటాక్‌లు దాదాపు 34 శాతం తగ్గాయి. నేను బుధవారం రాత్రి తొడ మీద కందిన మచ్చ చూసుకుంటూ ఈ అంకెనే గుర్తుచేసుకుంటాను.

ఇక పరికరం సంగతి. లావుపాటి పెన్నులా ఉంటుంది, లోపల స్ప్రింగ్. సిరంజిని అందులో పెట్టి, స్ప్రింగ్ బిగించి, చర్మానికి నిటారుగా ఆనించి బటన్ నొక్కితే టక్‌మని సూది దిగి మందు ఎక్కుతుంది. సూది కంటికి కనపడదు, అదే దీని గొప్పతనం. అంతకు ముందు నేను సిరంజి పట్టుకుని పావుగంట కూర్చునేదాన్ని, చెయ్యి వణికేది, దగ్గరికి తెచ్చి మళ్లీ వెనక్కి తీసేదాన్ని. పరికరం వచ్చాక ఆ పావుగంట అర నిమిషం అయింది. ఎంఎస్ వల్ల వేళ్లు మొద్దుబారినవాళ్లకి, చేతిలో పట్టు తగ్గినవాళ్లకి దీని ఉపయోగం ఇంకా ఎక్కువ. ఆ శబ్దానికి మాత్రం మొదట్లో ఉలిక్కిపడతాం, కదిలితే సూది లాగేస్తుంది, ఊపిరి బయటికి వదులుతూ నొక్కండి.

కొనేముందు మీ సిరంజి అందులో సరిగ్గా కూర్చుంటుందో లేదో డాక్టరునో నర్సునో అడగండి. ఒక కంపెనీ సిరంజి ఇంకో కంపెనీ పరికరంలో పట్టకపోవచ్చు. రెండోది, సూది ఎంత లోతు దిగాలో మార్చుకునే ఏర్పాటు ఉన్నది తీసుకోండి. నాకు ఎక్కువ దెబ్బ తగిలింది ఇక్కడే. పొట్టకి పెట్టిన లోతుతోనే తొడకీ వేసుకున్నాను, నేను సన్నగా ఉంటాను, కొవ్వు దాటి కండలోకి దిగిందో ఏమో, రెండు రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. ఏ చోటికి ఎంత లోతు పెట్టాలో తర్వాత నర్సమ్మ కూర్చోబెట్టి రాసిచ్చింది, ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది.

మందు మంటకి మాత్రం మనమే దారి వెతుక్కోవాలి. రెండు నిమిషాలు ఆగి మొదలవుతుంది, కందిరీగ కుట్టినట్టు, కొన్నిసార్లు గంటసేపు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఫ్రిజ్‌లోంచి తీసి 20 నిమిషాలు బయట ఉంచడం. చల్లటి మందు ఎక్కిస్తే మంట రెట్టింపు. తొందరపడి వేడినీళ్లలోనో ఎండలోనో పెట్టకండి, మందు పాడవుతుంది. స్పిరిట్ దూది తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే అదొక చురుకు. గాలి బుడగ కనిపిస్తే బయటికి తోయకండి, మందు పోతుంది, పైగా సూది మొనకి అంటిన చుక్క చర్మాన్ని మండిస్తూ దిగుతుంది. మందు ఎక్కాక పది అంకెలు లెక్కపెట్టి తీస్తాను. వేసుకునే ముందు గోరువెచ్చటి గుడ్డ ఐదు నిమిషాలు. ముందే ఐస్ పెట్టి చూశాను, సూది తెలియలేదు కానీ తర్వాత మంట ఏమీ తగ్గలేదు. ఎంత దురద పుట్టినా ఆ చోట రుద్దకూడదు.

చోటు మార్చడం అన్నిటికన్నా ముఖ్యం. పొట్ట, రెండు తొడలు, రెండు పిరుదుల పైభాగం, రెండు చేతుల వెనక (మోచేతికి పైన), మొత్తం ఏడు చోట్లు. నొప్పి తక్కువని నేను మొదట్లో పొట్ట మీదే తిప్పి తిప్పి వేసుకున్నాను, ఎడమవైపు చర్మం కింద కొవ్వు కరిగి చిన్న గుంట పడింది. అది ఇక పూడదట. చీర కట్టుకున్నప్పుడల్లా చెయ్యి అక్కడికే పోతుంది. దయచేసి క్యాలెండర్ మీద రాసుకోండి, ఒకే చోట వారంలో రెండోసారి వద్దు.

ఒక శుక్రవారం ఇంజెక్షన్ అయిన నిమిషంలోనే ముఖం ఎర్రబడి, ఛాతీ పట్టేసి, గుండె దడదడలాడింది. ఇదే చావేమో అనుకున్నాను, పది నిమిషాల్లో దానంతట అదే తగ్గింది. ఈ మందుతో కొందరికి ఇలా జరుగుతుంది, ఎక్కువగా కాసేపట్లో పోతుంది. కానీ 2025 జనవరిలో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకి పెద్ద హెచ్చరిక జతచేసింది: అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, మొదటి డోసుకే కావచ్చు, ఏళ్ల తర్వాతా కావచ్చు. మొదట్లో రెండూ ఒకలాగే అనిపిస్తాయి. కాబట్టి తగ్గకుండా పెరుగుతున్నా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నేను అప్పటి నుంచి బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని వేసుకోవడం మానేశాను, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే.

మాది విజయవాడ. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తప్పనిసరైతే 15 నుంచి 30 డిగ్రీల మధ్య నెల వరకు బయట ఉంచవచ్చు అంటారు. మే నెలలో మా ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడుంటుంది? కరెంటు పోతే నాకు ఫ్యాన్ కన్నా ముందు ఫ్రిజ్ టెన్షన్. ఊరికి వెళ్తే చల్లటి సంచిలో, ఐస్ ప్యాక్‌ని తువ్వాలులో చుట్టి, సిరంజిలకి తగలకుండా పెడతాను. గడ్డకడితే పారేయాల్సిందే, అందుకే ఫ్రీజర్ పక్కన కూడా పెట్టను. వాడిన సూదుల్ని మూతున్న గట్టి డబ్బాలో పోగేసి ఆసుపత్రిలో ఇచ్చేస్తాను, చెత్త తీసుకెళ్లే అమ్మాయి చేతికి గుచ్చుకోకూడదు కదా.

పొట్టకి, తొడలకి పరికరానికి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. చేతుల వెనక మాత్రం నా ఒక్కదానివల్ల కాదు, ఒక చేత్తో చర్మం పట్టుకుని ఇంకో చేత్తో నిటారుగా ఆనించడం కుదరదు. ఆ రోజు మావారే సిరంజితో నెమ్మదిగా వేస్తారు, మందు మెల్లగా వెళ్లినందుకేమో మంట కూడా కాస్త తక్కువ.