తొమ్మిది వేల జెన్, దోసకాయ మీద కత్తి

దసరా సెలవుల్లో కోనసీమ వెళ్లాం. రైలు, బస్సు, పంటు మీద గోదావరి దాటడం అన్నీ హాయిగా జరిగాయి కాబట్టి వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. రాయవలసింది మా విడిది గురించి.

గోదావరి పాయ వశిష్ఠ గట్టున కొబ్బరితోటలో ఉంది. ‘యుద్ధవిద్య ద్వారా జెన్: మూడు రోజులు, రెండు రాత్రులు’ అన్న ప్రకటన చూసి మోజుపడింది నేనే. జెన్ అంటే బౌద్ధుల ధ్యాన మార్గం. మా అమ్మాయిని కరాటే క్లాసులో దింపి, రెండేళ్లు గోడకు చేరగిలబడి చూసి చూసి, నలభై రెండో ఏట నేనూ చేరాను. ఇప్పుడు తనది బ్రౌన్ బెల్టు, నాది గ్రీన్. మా వారిది పడక్కుర్చీ. మనిషికి 9,000 చొప్పున 27,000 ముందే కట్టించుకున్నారు. ఆయన ఏమీ నేర్చుకోరు, తగ్గించండి అంటే, ‘సార్ కూడా ప్రశాంతత పొందుతారు కదండీ’ అన్నారు.

ఉదయం 5:30కి సాధన అన్నారు. తడి గడ్డి మీద చెప్పులు లేకుండా నిలబడ్డాం. శిక్షకుడు 7:10కి వచ్చాడు, చెవి దగ్గర ఫోనుతో. కళ్లు మూసుకోమని స్పీకరులో గుడిగంట పెట్టాడు. మూడో గంటకూ నాలుగో గంటకూ మధ్య వంటనూనె ప్రకటన వచ్చింది. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది.

తర్వాత ఉపన్యాసం. జెన్ జపానులో పుట్టిందట, బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువు దాన్ని మన దేశానికి తెచ్చాడట! నిజానికి మన ‘ధ్యానం’ చైనాకు వెళ్లి ‘చాన్’ అయింది, అక్కడినుంచి జపానుకు చేరి ‘జెన్’ అయింది. బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి చైనాకు వచ్చాడని, షావోలిన్ మఠం దగ్గర తొమ్మిదేళ్లు గోడకు ఎదురుగా కూర్చున్నాడని చైనా వాళ్లే చెప్పుకుంటారు. అక్కడి భిక్షువులకు కుంగ్‌ఫూ నేర్పింది ఆయనే అన్న కథ మాత్రం ఎన్నో శతాబ్దాల తర్వాత అల్లినది. ఇదంతా మా అమ్మాయి చెయ్యెత్తి చెప్పబోతే, ‘మౌనం పాటించాలి తల్లీ’ అన్నాడు.

అది కూడా క్షమించేదాన్ని. క్షమించలేనిది ఒకటుంది. ముందు మోకాలు వంచి గుద్దేటప్పుడు అమ్మాయి వెనక మడమ లేస్తోంది. మా ఊళ్లో సారు అయితే ఆ మడమను కాలితో నొక్కి పట్టేవారు. ఈయన అటు చూడనే లేదు, ఫొటోలు తీస్తున్నాడు. ఆ ఫొటోలు ఒక్కొక్కటి 200 అట. ఒక్కటీ తీసుకోలేదు.

మధ్యాహ్నం ‘మౌన భోజనం’. పక్క పచ్చికలో ఎవరిదో పెళ్లి, డప్పులు, పాటలు. పప్పులో ఉప్పు లేదు, అడగడానికి నోరు తెరవకూడదు.

రెండో రోజే బయలుదేరుతామన్నాం. మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి లేదన్నారు. పైగా తెల్ల దుస్తుల అద్దె మనిషికి 450, భోజనం ప్లేటు 650, మొత్తం ఇంకో 3,300. ఆటోలో అమలాపురం దాకా మా వారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ యాత్ర మొత్తంలో అసలైన మౌనం అదొక్కటే.

బస్టాండు దగ్గర లాడ్జి, 1,200. ఫ్యాను కిర్రుమంటుంది గానీ వేడినీళ్ల బకెట్టు చెప్పిన వేళకు వచ్చింది. ఆ రోజు విజయదశమి అని, చెడీ తాలింఖానా అనే వీధి సాము ప్రదర్శన చూడకుండా వెళ్లొద్దని ఆటో అబ్బాయే చెప్పాడు. కొంకాపల్లి, మహిపాల వీధి, ఇలా వీధివీధినా ఒక దళం. దేవతా వాహనాల ఊరేగింపు ముందు కర్రసాము, కత్తిసాము, నిప్పుతో తిప్పే అగ్గిబరాటాలు. పాతికేళ్ల కుర్రాడి పక్కనే తలపాగా చుట్టిన తాతగారు కర్ర తిప్పుతున్నారు.

ఒకచోట గుంపు గుండ్రంగా వెనక్కి జరిగింది. పదిహేనేళ్ల కుర్రాడు రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాడు, పొట్ట మీద దోసకాయ. కత్తి పట్టినతని కళ్లకు నల్లగుడ్డ. అతను కత్తి వెనక అంచుతో దోసకాయను ఒకసారి తాకాడు, అర అడుగు వెనక్కి జరిగాడు. డప్పు ఆగలేదు. కత్తి దిగింది. దోసకాయ రెండు చెక్కలైంది, పొట్ట మీద గీత కూడా పడలేదు.

జనం ఈలలు వేశారు. నేను చూసింది ఆ తర్వాతిది. అతను గంత వెంటనే విప్పలేదు. కత్తి కొన కిందికి దించి, కుర్రాడి నుంచి రెండడుగులు వెనక్కి వేసి, అక్కడ నిలిచి, అప్పుడు ముడి విప్పాడు. మా సారు దీన్నే ‘జాన్‌షిన్’ అంటారు, దెబ్బ అయిపోయాక కూడా మిగిలే ఎరుక. కటా (వరుసగా చేసే కరాటే కదలికలు) చివర నేను చేతులు వదిలేసిన ప్రతిసారీ ఆయన అరిచేది దీనికోసమే. తకువాన్ (1573–1645) అనే జెన్ గురువు యాగ్యూ మునెనోరి అనే ఖడ్గవీరుడికి రాసిన ఉత్తరంలోనూ ఉన్నది ఇలాంటి సంగతే: మనసు ఎదుటివాడి కత్తి మీద ఆగితే దానికి చిక్కినట్టే, నీ కత్తి మీద ఆగినా చిక్కినట్టే. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కలేదు. దోసకాయతో ఎక్కింది.

లేచిన కుర్రాణ్ని మా అమ్మాయి అడిగింది, భయం వేయలేదా అని.

“ఊపిరి గట్టిగా తీస్తే కాయ దొర్లుతుందండీ. దొర్లితే అన్నయ్య తిడతాడు,” అన్నాడు.

టికెట్టు లేదు. హారతి పళ్లెంలో మా వారు 100 వేశారు, ఎవరూ అడగకుండానే. వెళ్లేవాళ్లు చీకటి పడకముందే మంచి చోటు చూసుకోండి, లాడ్జి ముందే మాట్లాడుకోండి. చంటిపిల్లలతో వెళ్లకండి, నిప్పురవ్వలు మీద పడతాయి.

మర్నాడు అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులను పుల్లలతో గుచ్చి బుట్టల్లా చేసి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు ఒలిస్తే దాని ఈనెలు పొట్టిక్క మీద అచ్చుపడి ఉంటాయి, పచ్చి వాసన వేడిగా ముక్కుకు తగులుతుంది. ముగ్గురికీ 180. మా వారు మూడో ప్లేటు దగ్గర మళ్లీ మనిషయ్యారు.

ఇంటికొచ్చాక విడిది నుంచి ఫోను. అమ్మాయి బెల్టు గదిలో మరిచిపోయామట, పంపడానికి 350. కట్టాను. చెమట పట్టిన బెల్టును ఉతకకూడదని మా క్లాసులో పెద్ద పట్టింపు. మూడేళ్ల చెమట అది. వాళ్లు దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపారు. నడుముకు చుడితే ముడి పడటం లేదు.