లాస్ ఏంజెలిస్ – సిడ్నీ టికెట్ కొనేవాళ్లకు: ఆ ఏజెన్సీ చూపించే ప్రయాణ సమయం నమ్మకండి

ఏజెన్సీ పేరు రాయను. మీలో చాలామంది టికెట్లు కొనేది అక్కడే కాబట్టి చెప్పకుండానే అర్థమవుతుంది. లాస్ ఏంజెలిస్ నుంచి సిడ్నీ, అక్కడి నుంచి వేరే టికెట్ మీద మెల్‌బోర్న్. రెండూ వాళ్లే కుదిర్చిపెట్టారు.

వాళ్ల పేజీలో దూరం 12,050 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 13 గంటల 23 నిమిషాలు. నిమిషాలతో సహా చెప్తుంటే అనుమానం ఎందుకు వస్తుంది? సిడ్నీలో మూడు గంటల వ్యవధి దొరుకుతుందన్నారు. డబ్బు చేతిలో పడ్డాక పంపిన అసలు టికెట్‌లో దిగే సమయం వేరేగా ఉంది. మధ్యలో తేదీ రేఖ దాటి, రాత్రి ఎక్కితే ఎల్లుండి ఉదయం దిగే ప్రయాణంలో ఆ తేడా కంటికి ఆనలేదు. నా తెలివి అంతే అనుకోండి.

విమానానికి 15 గంటలు పట్టింది. ఆలస్యమేమీ కాదు, విమాన సంస్థ పట్టికలో మొదటి నుంచీ ఉన్న సమయమే అది!

మూడు గంటలనుకున్నది గంటన్నర కూడా మిగల్లేదు. పాస్‌పోర్ట్ తనిఖీ, సామాను కోసం ఎదురుచూపు, కస్టమ్స్, సంచిలో తినే వస్తువులున్నాయా అన్న ప్రశ్నలు. అవన్నీ అయ్యాక తెలిసింది, దేశీయ టెర్మినళ్లు రన్‌వేకు అవతలి వైపున ఉన్నాయని. బండి తోసుకుంటూ పరుగెత్తి కౌంటర్ చేరేసరికి సామాను తీసుకోవడం ఆపేశారు. టికెట్లు రెండూ వేరు కాబట్టి ఏ విమాన సంస్థకూ నాతో పని లేదు.

ఏజెన్సీకి ఫోను చేశాను. ఫోను ఎత్తినాయన సమాధానం యథాతథంగా: "వెళ్లేటప్పుడైనా వచ్చేటప్పుడైనా దూరం ఒకటే కదండీ, సమయం ఎలా మారుతుంది? విమానం కూడా వేళకే దిగింది. మీరే నెమ్మదిగా నడిచి ఉంటారు."

నెమ్మదిగా నడిచానట! చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి, ఊపిరి అందక ఆ కౌంటర్‌ను పట్టుకుని నిలబడ్డ మనిషితో అన్న మాట ఇది. అని, నవ్వాడు కూడా.

తర్వాత కూర్చుని 12,050 కిలోమీటర్లను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి చూశాను. సరిగ్గా 13 గంటల 23 నిమిషాలు! మ్యాపు మీద దూరాన్ని వేగంతో భాగించి, దాన్నే ప్రయాణ సమయమని అమ్ముతున్నారు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, గాలి, ఏవీ అందులో లేవు. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అందుకే సిడ్నీ నుంచి లాస్ ఏంజెలిస్‌కు పదమూడున్నర గంటలు చాలు, లాస్ ఏంజెలిస్ నుంచి సిడ్నీ వెళ్లడానికి మాత్రం పదిహేను కావాలి. ఎదురుగాలిలో సైకిల్ తొక్కిన పిల్లవాడికి తెలిసిన సంగతి టికెట్లు అమ్మి బతికేవాడికి తెలియదు.

మెల్‌బోర్న్ టికెట్ మళ్లీ కొన్నాను, పాతదాని డబ్బు రాదట.

కొనేముందు విమాన సంస్థ సొంత పట్టికలో ఎక్కే, దిగే సమయాలు చూసుకోండి, వెళ్లడానికీ రావడానికీ విడివిడిగా. వీలైతే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద తీసుకోండి. వేరుగా కొనక తప్పకపోతే సిడ్నీలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.