దొరికిన కుక్కపిల్లను ఇంట్లో పెట్టుకోవాలా, బోర్డింగ్‌లో ఉంచాలా?

"అక్కా, కుక్కపిల్ల దొరికింది. ఎక్కడ పెట్టమంటవ్?" దసరా దాటి చలి మొదలైందంటే నాకు ఈ ఫోన్లు ఆగవు. వీధి కుక్కలు ఎక్కువగా పిల్లలు పెట్టేది ఆ రోజుల్లోనే. హనుమకొండ నుంచి చేసినా, ములుగు రోడ్డు నుంచి చేసినా అడిగేది ఒకటే. పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని ఫాస్టరింగ్ చేయడం మేలా, డబ్బు కట్టి బోర్డింగ్‌లో ఉంచడం మేలా?

పోయిన చలికాలంలో నేను రెండూ చేయాల్సి వచ్చింది. హంటర్ రోడ్డు పక్కన ఖాళీ ప్లాటులో తల్లి బండి కింద పడి చనిపోతే రెండు పిల్లలు మిగిలాయి. ఎర్రది ఆడది, నల్లది మగది. డాక్టర్ పళ్లు చూసి ఆరు వారాలు ఉంటాయన్నారు. పార్వో అనే, కుక్కపిల్లల ప్రాణం తీసే అంటు వైరస్ జబ్బు భయంతో మొదటి 14 రోజులు రెండింటినీ మేడ మీది బాత్‌రూమ్‌లోనే ఉంచాం. ఆ తర్వాత ఓనర్ అంకుల్ "ఒక్కటైతే సరే బిడ్డా, రెండొద్దు" అన్నారు. ఆయన ఇల్లు, ఆయన మాట. టీకా వేయించి, విడిగా గది ఇస్తామన్న బోర్డింగ్‌లో నల్లదాన్ని చేర్పించాను. అలా ఒకే తల్లి పిల్లలు ఆరు వారాలు రెండు చోట్ల పెరిగాయి.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. బోర్డింగ్‌కు రోజుకు 350 చొప్పున 42 రోజులకు 14,700 అయింది. ఇంట్లో ఉన్నదానికి అన్నం, గుడ్లు, ఉడికించిన కోడి కాళ్లు. టీకాలు, నులిపురుగుల మందు ఎక్కడున్నా తప్పవు. ఇల్లే చౌక, కానీ చాకిరీ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేల కడగాలి. భార్యాభర్తలిద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చే ఇంట్లో పిల్ల పగలంతా ఏడుస్తూ కూర్చుంటుంది. అలాంటివాళ్లు బోర్డింగ్ అంటే నేను కాదనను. ఏడాది లోపల పార్వోతో కుక్క చనిపోయిన ఇంటికైతే టీకాలు పూర్తికాని పిల్లను తేవద్దు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌ను నమ్ముకుంటే లాభం లేదు, బ్లీచింగ్ కావాలి.

నా దృష్టిలో అసలు తేల్చేది వయసు. కుక్కపిల్లకు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకం అలవాటయ్యే కాలం. అప్పుడు భయం లేకుండా చూసినవి, విన్నవి పెద్దయ్యాక కూడా దానికి మామూలుగానే ఉంటాయి. అప్పుడు తగలనివి తర్వాత భయపెడతాయి. ఎర్రది ఆ రోజులన్నీ మా వంటింటి గడప దగ్గరే గడిపింది. కుక్కర్ విజిల్, మిక్సీ, చీపురు, అత్తమ్మ పూజ గంట, కూరగాయల ఆటో మైకు, సాయంత్రం మెట్ల మీద ఉరికే పక్కింటి పిల్లలు. మొదట ఉలిక్కిపడేది, వారానికల్లా చెవి కూడా కదిపేది కాదు.

నల్లదాన్ని బోర్డింగ్‌వాళ్లు ప్రేమగానే చూశారు. నెల దాటాక చూస్తే చెల్లెలి కంటే బరువుంది. కానీ అది రోజంతా విన్నది వేరే కుక్కల మొరుగుళ్లే. పద్నాలుగు వారాల వయసులో సుబేదారిలో ఒక కుటుంబానికి ఇచ్చాను. కుక్కర్ కూస్తే మంచం కింద దూరి ఉచ్చ పోసింది, మెట్లెక్కలేదు, చిన్నబాబు దగ్గరికొస్తే గుర్రుమంది. మూడో రోజు వెనక్కి తెచ్చిచ్చారు. వాళ్ల తప్పేం లేదు. "పిల్లలతో ఎట్లుంటది? రాత్రి మొరుగుతదా? ఒక్కటే ఉండగలదా?" అని వాళ్లు ముందే అడిగారు. ఎర్రదాని గురించైతే రోజూ రాసుకున్న నోట్‌బుక్ చూసి చెప్పేదాన్ని. నల్లదాని గురించి నాకు తెలిసింది దాని బరువు, టీకా తేదీలే. పెంచుకునేవాళ్లకు కావాల్సిన జవాబులు ఇంట్లో ఉంచుకుంటేనే దొరుకుతాయి. అందుకే పిల్ల చిన్నదైతే, ఒక్క గది ఉన్నా సరే, ఇంట్లోనే పెట్టుకోండి అంటాను.

ఇరుగుపొరుగుతో మాత్రం ముందే మాట్లాడాలి. 2023 మేలో కాజీపేటలో కుక్కల దాడిలో ఒక బాబు ప్రాణం పోయింది. అది మన ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు, మర్చిపోవాలని అడగకూడదు కూడా. నేను కింది పోర్షన్ వాళ్లకు టీకా కార్డు చూపిస్తాను, గేటు ఎప్పుడూ వేసే ఉంచుతాను. ఎవరికైనా పన్ను గీరుకుపోయినా సరే, సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం రోజు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు, కానీ ఆ తేదీ కోసం ఆగవద్దు.

"అలవాటైనంక ఎట్ల ఇస్తవ్?" అని కూడా అడుగుతారు. ఎర్రదాన్ని ఇచ్చిన రోజు నేను అన్నం తినలేదు. అది మాత్రం కొత్త ఇంట్లో రెండో రోజే తిన్నది. నేను ఇవ్వకపోతే ఓనర్ చెప్పిన ఆ ఒక్క చోటు దానికే అయిపోయేది, నల్లది వెనక్కి వచ్చినప్పుడు పెట్టుకునే వీలుండేది కాదు.

పెద్ద కుక్కల లెక్క వేరు. ఒక గల్లీలో పుట్టి పెరిగి, అక్కడివాళ్లు అన్నం పెట్టే కుక్కకు దెబ్బ తగిలితే, నయమయ్యేదాకా ఉంచి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేయించి అదే గల్లీలో వదలడమే మేలు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు చెప్పేదీ అదే. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి పట్టుకున్న వాటిని మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది గుర్తుంచుకోండి.

"మా బాయికాడ ఉంటది తియ్యి అక్కా" అనేవాళ్లకు నేను పిల్లను ఇవ్వను. పొలం దగ్గర గొలుసు ఉంటుంది, పాములు ఉంటాయి, టీకా వేయించే మనిషి ఉండడు. హైదరాబాద్ షెల్టర్లకు నేను పంపేది ఎముకలు విరిగినవాటిని, పెద్ద ఆపరేషన్లు కావాల్సినవాటినే.

నల్లది తర్వాత రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది. ఏప్రిల్‌లో కరీంనగర్‌లో ఒక టీచర్ల కుటుంబం తీసుకెళ్లింది. ఈసారి నోట్‌బుక్ నిండా రాసి ఇచ్చాను. కుక్కర్ సంగతి మొదటి పేజీలోనే ఉంది. మొదటి వారమంతా వాళ్లు గిన్నెలో అన్నం వండి గంజి వార్చుకున్నారట.