టీమ్ కెమిస్ట్రీనా, సొంతంగా షాట్ పుట్టించుకునే ఆటగాడా: ఎన్‌బీఏలో ఏది మేలు?
నా ఓటు ముందే చెప్పేస్తా. ఎన్‌బీఏ అనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో టైటిల్ కావాలంటే ముందు వెతకాల్సింది సొంతంగా షాట్ పుట్టించుకోగల ఆటగాణ్ణే, అంటే పాస్‌ల సాయం లేకుండా డిఫెండర్ని దాటి బాస్కెట్ వేసే అవకాశం తనే తెచ్చుకునేవాణ్ణి. కెమిస్ట్రీ, అంటే ఐదుగురూ ఒకరినొకరు ఎరిగి పాస్‌లతో కలిసి ఆడటం, ఆ సంగతి తర్వాత. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

2014-15 అట్లాంటా హాక్స్ గుర్తుందా? 60 మ్యాచ్‌లు గెలిచారు, జనవరి నెలంతా ఒక్కటీ ఓడలేదు, ఆ నెల ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లో తూర్పు సగం) ఉత్తమ ఆటగాడి అవార్డును ఒక్కడికి కాకుండా హాక్స్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురికీ కలిపి ఇచ్చేశారు. బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తుంటే ఎంత ముచ్చటగా ఉండేదో. తీరా కాన్ఫరెన్స్ ఫైనల్లో లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌ల్యాండ్ వచ్చి 4-0తో ఊడ్చేసింది, అదీ తమ స్టార్ కెవిన్ లవ్ గాయంతో ఆడకుండానే. (హాక్స్ షూటర్ కోర్వర్ కూడా మధ్యలో గాయపడ్డాడు, ఒప్పుకుంటా.)

ఎందుకిలా అంటే, 82 మ్యాచ్‌ల సీజన్లో ప్రత్యర్థికి మిమ్మల్ని కూర్చుని చదివే తీరిక ఉండదు. సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో అదే జట్టు ఏడుసార్ల దాకా ఎదురవుతుంది, మూడో మ్యాచ్‌కల్లా మీ ఎత్తులన్నీ వాళ్లకి కంఠతా వచ్చేస్తాయి, మీవాడు డిఫెండర్‌కి అడ్డు నిలబడే ప్రతి స్క్రీన్ దగ్గరా స్విచ్ చేసేస్తారు (ఎవరు ఎవర్ని కాయాలో మార్చేసుకుంటారు), మీరు నాలుగు పాస్‌లు తిప్పి చూసుకుంటే షాట్ కొట్టడానికి ఇచ్చే 24 సెకన్లలో ఐదే మిగిలి ఉంటాయి, షాట్ మాత్రం దొరకదు. అప్పుడు బంతి ఎవరికిస్తారు?

దీనికి జవాబుగా అందరూ 2004 డెట్రాయిట్ పిస్టన్స్‌ని చూపిస్తారు. షాక్, కోబీ, మలోన్, పేటన్ లాంటి స్టార్లున్న లేకర్స్‌ని ఫైనల్లో 4-1తో కొట్టారు కదా అని. నిజమే, కానీ మూడో మ్యాచ్‌లో లేకర్స్ చేసింది 68 పాయింట్లే, అంటే అది డిఫెన్స్ గెలిపించిన సిరీస్. ఆ రకం కెమిస్ట్రీ అయితే నేనూ కళ్లకద్దుకుంటా.

నా వాదనకి నిజంగా ఇబ్బంది పెట్టేది 2014 శాన్ ఆంటోనియో స్పర్స్. ఫైనల్లో మయామీ మీద గెలిచిన నాలుగూ 15 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్ల తేడాతోనే. పాస్ ఆటంటే అదీ. కాకపోతే డంకన్, పార్కర్, జినోబిలీ అప్పటికే 2002 నుంచీ కలిసి ఆడుతూ వచ్చారు. అన్నేళ్లు ముగ్గుర్ని కదపకుండా ఉంచే ఓపిక ఏ జట్టుకుంటుంది చెప్పండి? పైగా పార్కర్, జినోబిలీ ఇద్దరూ అవసరమైతే ఒంటరిగా డిఫెండర్ని దాటేసే రకమే.

అలాగని ఒక్కడి మీదే భారం వేస్తే పనవుతుందా అంటే అదీ లేదు. 2005-06లో లేకర్స్ కోబీ సగటు మ్యాచ్‌కి 35.4 పాయింట్లు, టొరంటో మీద ఒక్క రాత్రే 81. అంత చేసీ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో ఫీనిక్స్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి లేకర్స్ ఓడిపోయారు.

నాకు కావాల్సింది ఎలాంటి ఆటగాడంటే, 1997 ఫైనల్ ఆరో మ్యాచ్ చివరి క్షణాలు చూడండి. స్కోర్ 86-86. బంతి చికాగో స్టార్ జోర్డాన్ దగ్గర, కొడతాడన్నది స్టేడియం మొత్తానికీ తెలుసు, అందుకే ప్రత్యర్థి యూటా ఆటగాడు స్టాక్టన్ కూడా తన మనిషిని వదిలేసి అతని మీదికొచ్చాడు. వదిలేసిన ఆ మనిషి స్టీవ్ కెర్. జోర్డాన్ ఇచ్చిన పాస్ కెర్ అందుకున్నాడు, కొట్టాడు, టైటిల్ చికాగోది.